అంచెట్టి దారిలో నా వెనక వచ్చిన బస్సు

నేను మొదటినుంచీ పిరికివాణ్ణి. ఈ దారిన నడవాలనుకునేవారు ఆ సంగతి గుర్తుపెట్టుకుని, నేను చెప్పే భయాన్ని కాస్త తగ్గించి చదువుకోవచ్చు.

తొంభైల చివర్లో హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరి మత్తిగిరిలో అద్దెకుండేవాణ్ణి. మాది నెల్లూరు వైపు. పక్కింటి చిట్టికి ఏడేళ్లు. పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడితే చేతుల మీద పాకేది. ఇనుప కడ్డీల బూట్లు తొడిగితే నిలబడుతుందని డాక్టరు చెప్పాడట. వాటి డబ్బు కోసం నేనొక నడక మొదలుపెట్టాను; పూర్తిచేస్తే చందాలిస్తామని ఫ్యాక్టరీ మిత్రులన్నారు. మత్తిగిరి నుంచి అంచెట్టి దాకా రోజుకు కొంత దూరం నడవాలి. సాయంత్రం ఆగినచోట బస్సెక్కి ఇంటికి రావచ్చు, పొద్దున అక్కడే దిగి మళ్లీ నడవాలి. దారిలో ఒక్క అడుగు బండి మీద సాగినా పైసా కూడా ఇవ్వబోమని షరతు పెట్టారు.

"నువ్వు బస్సెక్కి పోతే నాకు బూట్లు రావా మామా?" అని చిట్టి అడిగింది.

"రావు. అందుకే ఎక్కను" అన్నాను గొప్పగా. అప్పటికి అడవి ఇంకా చాలా దూరంలో ఉంది.

ఆఖరి రోజు పొద్దున్నే డెంకణికోటలో దిగి, ఇడ్లీ తిని, ముందురోజు ఆగినచోటికి ఇంకో బస్సు పట్టుకున్నాను. పక్క సీటులో తలగుడ్డ చుట్టుకున్న రైతు "యాడికప్పా?" అని పలకరించాడు. అంచెట్టికి నడిచి పోతున్నానన్నాను.

"రాగి కోతలప్పుడా? ఏనుగులు దిగినాయప్పా. మేమే గుంపు కట్టుకోని పోతాండాము."

అదే బస్సులో వెనక్కి పోదామా అనుకున్నాను. అయినా దిగాల్సిన చోట దిగాను.

మధ్యాహ్నం అడవి అంచున ఒక కళ్లంలో రాగులు తూర్పార పడుతున్నారు. నీళ్లడుగుదామని ఆగడమే నేను చేసిన పొరపాటు. సంగటి పెట్టకుండా వదలలేదు. నడక ఎందుకో చెప్పేసరికి, చేట పట్టుకున్న పెద్దావిడ నా తువ్వాలు లాక్కుని దోసిళ్లతో రాగులు పోసింది. మీద ఒక బెల్లం అచ్చు పెట్టి మూట కట్టింది.

"కళ్లం కాడికి వచ్చినోళ్లని ఉత్త చేతుల్తో పంపితే మాకు కలిసిరాదప్పా. ఆ పాపకి గంజి కాసియ్యమను."

కాదనలేకపోయాను. మూట భుజాన వేసుకుని అడవిలో అడుగుపెట్టేసరికి మూడు దాటింది.

దారి వంపులు తిరిగి దిగుతోంది. రెండో వంపులో రోడ్డు మీద లద్దె కనబడింది, ఇంకా ఆవిరి కక్కుతోంది. పక్కన వెదురు విరిగి ఉంది. వెనక్కి పోదామంటే కళ్లం దూరం, ముందుకు పోదామంటే కాళ్లు రావు. లోపల ఎక్కడో ఫెళ్లున కొమ్మ విరిగింది. నేనక్కడే నిలబడి వణికాను. ఇలా రాసుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అప్పుడు వెనకనుంచి అంచెట్టి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి అరిచాడు.

"ఎక్కప్పా! బతకాలని లేదా?"

మెట్టు మీద కాలు పెట్టేశాను కూడా. చిట్టి మాట గుర్తొచ్చి తీసేశాను. షరతు సంగతి ఏడుపు గొంతుతో చెప్పాను.

"ఆ మూటలో ఏముండాది?"

"రాగులు, బెల్లం."

"అయ్యో సామీ! ఏనుగులకి భోజనం మోసుకోని పోతాండావు. ఇట్లియ్యి." మూట లాక్కుని డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు పెద్దవాడు. నన్ను ముందు నడవమన్నట్లు చెయ్యి ఊపి, బస్సును నా వెనక మెల్లగా కదిలించాడు.

నేను నడిచాను. బస్సు నా నడకతోనే వచ్చింది. ఒళ్లో కోడిని పెట్టుకున్న ఒక ముసలమ్మ కిటికీలోంచి "నా కోడే నీకంటే బిరీన నడుస్తాది" అని గొణిగింది. అందరూ నవ్వారు.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎడమవైపు, సరిగ్గా బస్సు తలుపు వైపు, వెదుళ్లు కదిలాయి. "కదలొద్దు" అన్నాడు డ్రైవరు. నేను వెనక్కి జరిగి బస్సు ముక్కుకు వీపు ఆనించాను. ఏనుగులు ఒకటొకటిగా రోడ్డు దాటాయి. చివరిది ఆగి నా వైపు తిరిగింది. దాని చెవులు ఊగుతున్నాయి. నాకు దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాలేదు. వీపుకు తగులుతున్న ఇంజను వేడి ఒక్కటే తెలుస్తోంది. కాసేపటికి ఆ ఏనుగు కూడా అడవి లోపలికి పోయింది.

అడవి పలచబడేదాకా ఆ బస్సు నన్ను దాటలేదు. పొద్దుగుంకేవేళకు అంచెట్టి చేరి, కండక్టరు దగ్గర నా మూట తీసుకున్నాను. ఆ రాత్రి అక్కడే నిలిపిన ఆ బస్సు సీటు మీదే పడుకుని, పొద్దున అదే బస్సులో తిరుగుప్రయాణం పట్టాను. అడవి వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాను.

మత్తిగిరిలో చిట్టి గడపలోనే కూర్చుని ఉంది.

"బస్సెక్కినావా?"

"నడక అయినాకే ఎక్కాను" అని, మూట విప్పి బెల్లం ముక్క చేతిలో పెట్టాను.

"భయమైందా మామా?"

"చాలా."

బెల్లం చప్పరిస్తూ అది గొంతు తగ్గించింది. "నాకూ భయమే. బూట్లొస్తే లేసి నిలబడల్ల కదా. పడిపోతే?"

"నువ్వు ముందు నడువు. నీ వెనకే మెల్లగా నేనొస్తా" అన్నాను.