రోబోను నేను పాస్ చేయించిన వైనం

ఈ సంగతి ఇప్పటికి ముగ్గురికి చెప్పాను. సేఠ్ ఫోన్ చూసుకున్నాడు, మేనేజర్ మాస్కు సర్దుకున్నాడు, మా బామ్మర్ది సగంలోనే గురక పెట్టాడు. మీరైనా చివరిదాకా వినండి. ఆరుగురి కడుపు మీద నా రెండు చేతులతో నేనే ఎలా కొట్టానో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. గుర్తుపెట్టుకుంటాను, అంతే.

అది కరోనా రెండో ఏడు. మొదటి లాక్‌డౌన్‌లో మేమంతా ఊళ్లకు పోయామన్న కోపం పరాయి రాష్ట్రంలో, పాండేసరలో ఉన్న మా చీరల గోడౌన్ సేఠ్‌కు ఇంకా తగ్గలేదు. “రోబోకు దగ్గు రాదు, ఊరు గుర్తురాదు” అంటూ ఒక మరచేయిని తెప్పించాడు. డబ్బాలో కలగాపులగంగా పడున్న చీరల ప్యాకెట్లను గాలితో పీల్చి, ఒక్కొక్కటిగా బెల్టు మీద పెట్టడం దాని పని. మూడు రోజుల పరీక్షలో ఒక్కటీ జారవిడవకపోతే, ప్యాకెట్లు ఏరే బల్ల ఎత్తేస్తారు. ఆ బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్లు. అందులో ఒకరు నా భార్య పద్మ.

పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇంజనీరు కిరణ్ హైదరాబాద్ కుర్రాడు. తెలుగువాడినని నన్ను సాయంగా ఇచ్చారు.

“అన్నా, ప్యాకెట్లు డబ్బాలో కుమ్మరించు, చాలు. ఆలోచించే పని నీకు లేదు” అని చెప్పి, కరోనా భయంతో గాజు గదిలోకి దూరాడు.

నాకు లేదట! పద్దెనిమిదేళ్లు చీరలు మడత పెట్టినవాడిని. ఆ మాట ఈనాటికీ గుండెలో ఎడమ పక్కన అలాగే ఉంది. మరను ఓడించి తీరాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

మొదటి డబ్బా నింపాను. మరచేయి వంగింది. ఆరు జతల కళ్లు మాస్కుల మీదుగా చూస్తున్నాయి. టప్! ఒకటి తీసింది. టప్! రెండోది. కొత్త కోడలు గాజుగ్లాసులు మోసినట్టు అన్నీ భద్రంగా దించింది. రెండో రోజూ అంతే. నా మాస్కు చెమటకు తడిసి ముద్దయింది.

మూడో రోజు పద్మ నా వెనక వచ్చి నిలబడింది.

“ఏందయ్యా, ఏం చేస్తున్నవ్?”

“కుమ్మరిస్తున్న.”

“గిదా కుమ్మరించుడు? పెండ్లిపిల్ల పెట్టె సదిరినట్టు సదురుతున్నవ్! నీ చేతులు జర చూస్కో!”

చూసుకున్నాను. కుడిచేయి ప్యాకెట్‌ను తిరగేసి లేబుల్ పైకి పెడుతోంది. ఎడమచేయి కవరు మీది ముడత సాపు చేస్తోంది. డబ్బాలో చీరలు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా ఉన్నాయి. పీల్చే గొట్టానికి అంతకంటే ఏం కావాలి! చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. సర్దకురా చెడేవు అని ఒక్కరూ చెప్పలేదు.

వెంటనే చీరలన్నీ రెండు చేతులా కలిపేశాను. గాజు గదిలోంచి మైకు అరిచింది.

“అన్నా! నిన్నటిలానే నింపు! మధ్యలో పద్ధతి మార్చకూడదు.”

“సార్, నిన్న నాకు తెల్వకుండనే సదిరిన. అది మర తెలివి గాదు, నా చేతులది.”

“అంటే రోబో నీవల్ల పాసవుతోందా?”

“అవ్ సార్!”

కిరణ్ పక్కనే కూర్చున్న సేఠ్ మైకు లాక్కున్నాడు. “రాజన్నభాయ్, పెళ్లాం కోసం నాటక్ చేస్తున్నావు. నిన్నటిలా నింపు, లేకపోతే నువ్వూ బయటికి!”

నింపాను. ఒక్క కవరు మీద మాత్రం, దేవుడికి దండం పెట్టుకుని, ముడత వదిలేశాను.

మర దాన్ని ఎత్తింది. ప్యాకెట్ ఒక్క మూల పట్టుతో వేలాడింది. ఊగింది. పద్మ కళ్లు మూసుకుంది. బెల్టు దగ్గరికి రాగానే జారింది, జారింది…

పట్టుకున్నాను.

నేనే! చీర నేల తాకకూడదన్నది పద్దెనిమిదేళ్ల అలవాటు. పట్టుకుని, దులిపి, లేబుల్ పైకి పెట్టి మరీ బెల్టు మీద ఉంచాను. బెల్టు మీదికి చేరినవి చూపే తెర మీద లెక్క నిండింది. గాజు గదిలో చప్పట్లు.

“నీ చేతులు పడిపోను!” అంది పద్మ.

సాయంత్రానికి బల్ల ఎత్తేశారు. వారం తిరగకముందే అసలు సరుకు కలగాపులగంగా వచ్చింది. మర రెండేసి ఎత్తి, మూడేసి పారేసింది. ఆరుగురినీ మళ్లీ పిలిచారు. ఇప్పుడు వాళ్ల పని, రోబో తీసుకోవడానికి వీలుగా డబ్బాలు సర్దిపెట్టడం!

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి పరీక్షలోనూ ముడత సాపు చేయను, పడేదాన్ని పట్టుకోను, అది నా పళ్లెంలో లడ్డూ అయినా సరే.

ఆఫీసు గోడ మీద మాత్రం అద్దం కట్టిన కాగితం నేటికీ వేలాడుతోంది: ‘మనిషి సాయం లేకుండా నూటికి నూరు.’ కిరణ్ సార్, పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఈసారైనా ఎత్తండి. ఆ చీరను పట్టుకున్నది మనిషా, కాదా? ఒక్క ముక్క చెప్పండి.