గెడ్డ దాటిన బాయిలరు

టెక్కలిలో ఒక సాంకేతిక కళాశాలలో నేను అధ్యాపకుడిని. చదువయ్యాక ఈ ప్రాంతంలోనే పని దొరుకుతుందా అని విద్యార్థులు తరచుగా అడుగుతారు. మా ఇంట్లో పట్టా అందుకున్న మొదటివాడిని నేనే కనుక ఆ ప్రశ్న బరువు నాకు తెలుసు. సమాధానం వెతికి ఒక వ్యాసంగా రాద్దామని పలాసలోని జోగారావు గారికి ఫోను చేశాను. ఆయన జీడిపిక్కలు ఉడికించే బాయిలర్లు తయారుచేస్తారు. అక్కడి చిన్న పరిశ్రమల సంఘానికి అధ్యక్షులు కూడా.

"గదిలో కూకుంటే గదిలో మాటలే వస్తాయి మాస్టారూ. గురువారం ఉద్దానంలో ఒక బాయిలరు దించాలి. లారీ ఎక్కీయండి," అన్నారు.

వేసవి కావడంతో ఉదయం ఏడు గంటలకే టెక్కలి కాంప్లెక్స్‌లో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. పక్క సీటులో ఒక జీడితోట రైతు కూర్చున్నారు. పలాసకు పని మీద వెళ్తున్నానని చెబితే నవ్వారు. "పలాసలో అందరికీ పనే బాబూ. మేం పిక్క అమ్ముకొని వస్తాం, ఆళ్లు పప్పు అమ్ముకొని మేడ కడతారు."

ఎనిమిదిన్నరకు ఇడ్లీ తిని, జోగారావు గారి వర్క్‌షాపు చేరాను. కొత్త బాయిలరు అప్పటికే చిన్న లారీ మీద ఉంది. అది కామేశ్వరి గారనే మహిళ కోసం తయారైంది. సముద్రానికి దగ్గరలోని తమ ఊళ్లో ఆమె జీడిపప్పు షెడ్డు కట్టారు. ఆ ఊరి స్త్రీలు తెల్లవారకముందే ఆటోలో పలాస మిల్లులకు వెళ్లి, సాయంత్రం తిరిగి వస్తారు. బాయిలరు నేడు చేరితే రేపటి నుంచి తన షెడ్డులోనే పని అని ఆమె మాట ఇచ్చారట. చేరకపోతే వారు మళ్లీ మిల్లుకే వెళ్తారు. ఇప్పటికే రెండుసార్లు తేదీ మారింది కనుక మూడోసారి ఎవరూ నమ్మరని జోగారావు గారు చెప్పారు.

లారీ బయలుదేరిన కాసేపటికే రైల్వే గేటు పడింది. లారీలో మా మాటలు అక్కడే మొదలయ్యాయి.

"ఇక్కడ పని పెరగాలంటే ప్రభుత్వం ఏం చేయాలంటారు?" అని జోగారావు గారిని అడిగాను.

"సెయ్యట్లేదని నేననను. ముక్కలు ముక్కలుగా సేస్తాది. రోడ్డు ఒకలిది, కల్వర్టు ఒకలిది, కరెంటు స్తంభం ఇంకొకలిది. సరుకు ఒక్కటే కదండీ? అది అన్నిటి మీంచీ ఎల్లాలి."

"మరి వ్యాపారస్తులు?"

"మేం తక్కువోళ్లమేటి? అందరం పలాసలోనే మిల్లు ఎట్టీసి, మనుషుల్ని మా కాడికి రప్పించుకున్నాం. పిక్క ఉన్నకాడికి మిషను ఎల్లాలని ఎవడికీ తోచలేదు. నాకూ తోచలేదు, ఈవిడొచ్చి అడిగేదాకా."

డ్రైవరు అప్పన్న అందుకున్నాడు. "తోచకపోడమే మంచిది బావా. తోచింది కాబట్టే ఈ రోడ్లమ్మట తిరగాలి."

పలాస దాటాక ఇరువైపులా జీడితోటలు, ఆపైన కొబ్బరి. రోడ్డు చాలా మేరకు బాగుంది. పదకొండు గంటల ప్రాంతంలో, ఇక్కడివారు గెడ్డ అనే ఒక వాగు దగ్గర అప్పన్న లారీ ఆపేశాడు. కల్వర్టు ఒక పక్కకు కుంగి ఉంది. దానికి అటూ ఇటూ కొత్త సిమెంటు రోడ్డే. అప్పన్న దిగి, కిందికి వంగి చూసి వచ్చాడు.

"ఖాళీ బండైతే ఎల్తాది. దీంతో ఎల్లదు."

అవతల కామేశ్వరి గారి రేకుల షెడ్డు కనబడుతూనే ఉంది. ఆమె నడిచి వచ్చారు. కల్వర్టునూ లారీనూ చూశారు. "మా పేటోళ్లని పిలుస్తాను. సేపలేట నుంచి వచ్చీసుంటారు," అని వెనుదిరిగారు.

అరగంటలో పాతికమంది మత్స్యకారులు మోకులతో, కొబ్బరి దుంగలతో వచ్చారు. ఒడ్డుకు పడవ లాగే పద్ధతిలోనే ఎండిన గెడ్డ ఇసుక మీదుగా బాయిలరును దాటించాలని నిశ్చయించారు. లారీని వెనక్కి తిప్పి, పలకల మీదుగా బాయిలరును గెడ్డలోకి జార్చారు. ముందు దుంగలు పరుస్తూ, వెనుక దుంగలు తీసి మళ్లీ ముందుకు తెస్తూ లాగారు. జోగారావు గారు గొంతు పోయేలా అరిచారు.

"ఆవిరి గేజీ ఉన్న పక్క తాడెయ్యొద్దు!"

"మా పడవకి గేజీ లేదు బాబూ, అందుకే సెప్పిన మాట ఇంటాది," అని వారి పెద్ద బదులిచ్చాడు.

అవతలి గట్టు ఎక్కేటప్పుడు ఒక దుంగ విరిగి, బాయిలరు వెనక్కి జారింది. మోకు పట్టినవారు మోకాళ్ల మీద పడ్డారు గాని వదలలేదు. నేనూ పట్టాను, నా చేతులు కమిలాయి. మధ్యాహ్నం రెండు దాటాక అది షెడ్డులో నిలిచింది.

అందరికీ అక్కడే భోజనం: అన్నం, చేపల పులుసు. చేతులు కడుక్కోవడానికి బావి నీళ్లు, తాగడానికి మాత్రం, కిడ్నీ జబ్బుల భయంతో, డబ్బా నీళ్లు.

"ఇక్కడి ఐకమత్యం గురించి తప్పక రాస్తాను," అన్నాను.

జోగారావు గారు ముద్ద ఆపారు. "అదే రాయొద్దు మాస్టారూ. జనం మోసీగలరని తెలిస్తే కల్వర్టు ఎవుడు కడతాడు? కల్వర్టు కుంగిందని రాయండి."

"రెండూ రాయండి," అన్నారు కామేశ్వరి గారు, పులుసు వడ్డిస్తూ. "లేకపోతే మేం నోరెల్లబెట్టుకొని కూకున్నామనుకుంటారు."

సాయంత్రం మేము లారీ ఎక్కుతుండగా పలాస నుంచి స్త్రీల ఆటో వచ్చింది. కల్వర్టు ముందు ఆగగానే, ఎవరూ చెప్పకుండానే అందరూ దిగి నడిచారు. ఖాళీ ఆటో వారి వెనుక మెల్లగా దాటింది. వారిలో ఒకామె షెడ్డు వైపు చూసి, "ఓలమ్మ, వచ్చీసిందే," అంది.

"అయితే రేపట్నుంచి నా బేరం పోయినట్టే," అన్నాడు ఆటోవాడు.

"పలాసకి పప్పు బస్తాలు ఎవుడు మోస్తాడ్రా? నువ్వే. పొద్దున్నే రాకు, సాయంత్రం రా," అందామె.

వారు నవ్వుకుంటూ ఆటో ఎక్కారు. జోగారావు గారు మాత్రం కల్వర్టునే చూస్తున్నారు. "దిగి నడవడం అలవాటైపోనాది, సూసేరా? నాకదే భయం."

ఏడు గంటలకు పలాసలో టెక్కలి బస్సు ఎక్కాను. విద్యార్థులకు చెప్పవలసిన సమాధానం సగమే దొరికింది: పని ఉంది, దానికి దారి ఇంకా వేయాలి. ఆ వైపు వెళ్లదలచినవారు పలాసలో ఆటో మాట్లాడుకోవచ్చు. గెడ్డ దగ్గర దిగమంటారు. దిగండి, కాని ఎందుకు దిగాలని ఒకసారి అడగండి.