తిరిగొచ్చిన ప్రెసిడెంటు

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల తెలుగు అసోసియేషన్‌కి నేను నాలుగేళ్లు ప్రెసిడెంటుని. తరవాత ఓట్లేసి దింపేశారు. నా తరవాత వచ్చినావిడ ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మారి డబ్లిన్ వెళ్లిపోయింది. దిక్కులేక మళ్లీ నా గడపే తొక్కారు. "అక్కా, నువ్వైతేనే అవుద్ది" అన్నారు. ఆ సంగతి నాకు తెలియదా!

వచ్చీ రాగానే పాత పద్ధతులన్నీ తెచ్చాను. పిల్లల డాన్సులకి ముందు గంటసేపు పెద్దలకి శాలువాలు. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ రద్దు. వాట్సాప్ గ్రూపులో సణుగుడు మొదలైంది. నాకు తిక్క రేగి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేశాను. అడ్మిన్ని నేనొక్కదాన్నే. అబ్బ, ఎంత హాయి! అందరూ ఒప్పుకున్నారనే అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున, పదకొండో క్లాసు చదివే మా అమ్మాయి హిస్టరీ ప్రెజెంటేషన్ నాకు చెప్పి చూసుకుంది. ఫ్రాన్సులో విప్లవమూ చక్రవర్తీ అన్నీ అయ్యాక పాత రాజవంశమే తిరిగొచ్చిందట. మొదటి రాజు జనానికి హక్కులు రాసిచ్చి ఎలాగో నెట్టుకొచ్చాడట.

"తర్వాత ఆయన బ్రదర్ కింగ్ అయ్యాడు అమ్మా. ఓల్డ్ డేస్ బ్యాక్ కావాలి ఆయనకి. ఎలెక్షన్ ఓడిపోయాడు, సో అసెంబ్లీ క్యాన్సిల్ చేశాడు. న్యూస్‌పేపర్స్ కూడా ఆపేశాడు. ప్యారిస్‌లో త్రీ డేస్ ఫైటింగ్. ఇంగ్లండ్ పారిపోయాడు."

"వాడికి బుద్ధుందా అసలు!" అన్నాను.

పిల్ల నవ్వలేదు. "అమ్మా, ఆంటీ వాళ్లు న్యూ గ్రూప్ పెట్టారు. అందరూ ఉన్నారు దాంట్లో. నాన్న కూడా."

ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే ఒకటి గుర్తొచ్చింది. నా ఆపరేషన్ అప్పుడు నెల రోజులు వంతులేసుకుని చారూ అన్నం తెచ్చింది వాళ్లే. పదవి పోతే పోయింది, వాళ్లు పోతే ఈ ఊళ్లో నాకెవరున్నారు?

ఎదురింటావిడకి ఫోన్ చేశాను. "నన్నూ యాడ్ చెయ్యి."

"అయ్యో అక్కా, నీకెవరు చెప్పారు?"

"ఎవరైతే ఏం? తిట్టేదేదో నా ముందే తిట్టండి."

చేర్చింది. బల్ల మీద మా ఆయన ఫోను పొద్దుటినించీ టింగుటింగుమంటూనే ఉంది. నేను చేరగానే ఆగిపోయింది. పది నిమిషాలు చూశాను. ఒక్కరూ రాయలేదు. నేనంటే వాళ్లకి అంత భయమని ఆ పది నిమిషాల్లోనే తెలిసింది.

"తప్పు నాదే. ఇప్పుడు చెప్పండి" అని రాశాను.

మొదట తిట్టింది మా ఆయనే.