నల్లగా వచ్చిన కాపీ

ఆరేళ్ళుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. కాగితానికి బరువేంటి అంటారేమో. నేను జిరాక్స్ షాపులో పనిచేస్తాను. రోజూ కట్టలకు కట్టలు ఎత్తి మిషన్లో పెడతాను. కాగితం బరువు నాకు తెలుసు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎక్కడా దించలేకపోయాను. మా అమ్మకు చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెప్పగలను అనుకుంటున్నాను. మధ్యలో ఆగితే ఏమీ అనుకోవద్దు. మాటలు రాక కాదు. నాకు మాట రాని రోజు పుట్టినప్పటి నుంచీ ఒక్కటే ఉంది. ఇదంతా ఆ రోజు గురించే.

మాది ఇబ్రహీంపట్నం. ఇంటర్ రెండో ఏడు తప్పాక బస్టాండు ఎదురుగా ఉన్న ఈ షాపులో కుదిరాను. నా నోరు ఊరుకోదు. వచ్చినవాళ్ళు కాపీలు తీసుకున్నాక కూడా కాసేపు నిలబడి మాట్లాడిపోయేవాళ్ళు. మిషన్ కన్నా నువ్వే ఎక్కువ నడుస్తున్నావని మా ఓనరు నవ్వేవాడు. నాకది మెప్పులాగే ఉండేది. ఎవరు ఏమన్నా చివరి మాట నాదే కావాలి. అదో జబ్బు. అప్పుడు జబ్బని తెలీదు.

మా దగ్గర ఒక యువజన సంఘం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆటలాడేవాళ్ళలో ఏటా ఒకరిని 'మన మేటి' అని పిలిచి షీల్డు ఇస్తారు. ఎవరికివ్వాలో జనమే చెప్పాలి. చిట్టీ మీద పేరు రాసి డబ్బాలో వేయాలి. డబ్బాలు నాలుగు దుకాణాల్లో పెడతారు, అందులో ఒకటి మా షాపులో. అట్ట డబ్బాకు రంగు కాగితం అంటించి, పైన సన్నగా సందు కోస్తారు. ఆ డబ్బా ఉన్నన్నాళ్ళూ మా షాపు ముందు రోజూ పంచాయితీనే. ఒకరు ఒక పేరు చెబితే ఇంకొకరు కొట్టిపారేసేవారు. జిరాక్స్ పని లేనివాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు.

ఆ ఏడు రెండు పేర్లే గట్టిగా వినిపించాయి. అసలు పేర్లు రాయను. ఒకరు మౌనిక అనుకోండి. మా వాడకట్టు పిల్ల, కబడ్డీ జట్టు కెప్టెన్, నాతోటే చదువుకుంది. ఇంకొకరు శిరీష. మంచాల అనే ఊరి దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చి మా ఊరి బళ్ళో పదో తరగతి చదివేది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో రాష్ట్రంలో రెండోదిగా వచ్చింది. తండ్రి లేడు, తల్లి టమాటా తోటల్లో కూలికి పోతుంది. మౌనికకూ శిరీషకూ ఆట నేర్పింది ఒక్కరే, ఆ బడి పీఈటీ సారు. రోజూ పొద్దు పొడవకముందే బడంగ్‌పేట్ నుంచి బండి మీద వచ్చి గ్రౌండులో నిలబడేవారు. చలికాలంలో మఫ్లరు చుట్టుకుని, మెడలో విజిలుతో. ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ రాయడం ఆగిపోతుంది.

డబ్బాలు పెట్టడానికి కొన్నాళ్ళ ముందు శిరీషా, వాళ్ళ అమ్మా మా షాపుకు వచ్చారు. చేతిలో ఆధార్ కార్డు, బడి సర్టిఫికెట్. రెండింట్లో పుట్టిన తేదీలు వేరు వేరు.

ఇందులో వింత ఏమీ లేదు. మా దగ్గర సగం మందికి పుట్టినరోజులు రెండు. బడిలో చేర్చిననాడు జూన్‌లో ఏదో ఒక తేదీ రాస్తారు. ఆధార్ తీసేటప్పుడు ఏడు మాత్రం చెబితే జనవరి ఒకటి పడుతుంది. నాదీ జనవరి ఒకటే. నేను పుట్టింది మామిడికాయలప్పుడని మా అమ్మ అంటుంది. కొత్త సంవత్సరం వస్తే మా వాడకట్టులో ఇంటింటా పుట్టినరోజేనని నవ్వుకుంటాం. శిరీష విషయంలో తల్లి అందాజాగా చెప్పిన ఏడు కూడా తప్పింది. బడి కాగితం ప్రకారం ఆమెకు పదిహేనేళ్ళు, ఆధార్ ప్రకారం పదిహేడు. బతుకమ్మను నీళ్ళలో వేసిన తెల్లారి పుట్టిందని, అదే వారం పక్కింటామెకు కొడుకు పుట్టాడని, వాడికీ ఇప్పుడు పదిహేనేనని తల్లి వేళ్ళు ముడుస్తూ నాకు చెప్పింది. స్పోర్ట్స్ హాస్టల్ ఎంపికలు వస్తున్నాయి, ఆలోపు ఆధార్ సరిచేయించుకోమని పీఈటీ సారే పంపారట.

అంటే ఏమిటో గమనించారా? వాళ్ళు ఆ కాగితాలు తెచ్చింది తప్పు దిద్దుకోవడానికి. అది నాకు తెలుసు. ఊళ్ళో అందరికన్నా ముందు నాకే తెలుసు.

రెండూ ఒకే కాగితం మీద వచ్చేలా సర్ది బటన్ నొక్కాను. మాటల్లో పడి మూత సరిగ్గా వేయలేదు. అంచులు నల్లగా వచ్చాయి. దాన్ని పక్క ట్రేలో పడేసి మళ్ళీ తీశాను. తెల్లగా, శుభ్రంగా మూడు కాపీలు. ఒకటి ఆఫీసుకు, ఒకటి సారుకు, ఒకటి వాళ్ళ దగ్గర ఉంచుకోవడానికి. చెడిపోయిన కాపీలు మేం పారేయం. వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, ఏదైనా రాసుకోవడానికి పనికొస్తాయి.

తర్వాత డబ్బా వచ్చింది. పంచాయితీ మొదలైంది. నేను మౌనిక వైపు. ఆటో నడిపే యాదగిరన్న శిరీష వైపు. కబడ్డీలో ఏడుగురు కలిసి గెలుస్తారు, ఈ పిల్ల ఒక్కతే గెలిచింది, ఎవరు గొప్ప అని ఆయన అడిగేవాడు. ఏడుగురిని కలిపి ఉంచడమే కష్టమని, భుజం ఎముక విరిగినా మౌనిక కూతకు పోయిందని నేను అనేదాన్ని. ఇలా రోజూ. నవ్వుకుంటూనే. ఒక రోజు షాపు ముందు బాగా జనం ఉన్నారు. నాకు ఊపొచ్చింది.

"ఉరుకుడు ఏం గొప్పనే యాదగిరన్నా? కుక్క ఎంటబడితే నువ్వు సుత ఉరుకుతవ్," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, నింపాదిగా అన్నాడు.

"నేను ఉరికితే ఆటో దాంక ఉరుకుత బిడ్డా. ఆ పిల్ల రాష్ట్రంల రెండోది వచ్చింది. నువ్వు ఇంటర్ల రెండో ఏడు కాన్నే కూసుంటివి. ఉరికేటోళ్ళ ముచ్చట నీకెందుకు?"

ఈసారి నవ్వు చాలాసేపటిదాకా ఆగలేదు. ఆయన మనసులో చెడు లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ నాకు మాట రాలేదు. మిషన్ మూత ఎత్తి, లోపల ఏమీ లేకపోయినా అద్దం తుడిచాను.

వాళ్ళంతా పోయాక ట్రేలోంచి ఆ నల్ల కాపీ తీశాను. ఎర్ర పెన్నుతో రెండు తేదీల చుట్టూ సున్నాలు చుట్టాను. చిట్టీలాగా మడిచి డబ్బా సందులోంచి తోశాను. సందు సన్నగా ఉంది, కాగితం మందంగా ఉంది. ఒకసారికి పోలేదు. వేలితో నొక్కాల్సి వచ్చింది. కోపంలో చేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ కాగితం అడ్డం పడ్డప్పుడు ఆగడానికి నాకు ఒక క్షణం దొరికింది కదా? ఆ క్షణంలో నేనేం ఆలోచించాను? మౌనిక గెలవాలనా? కాదు. నిజం చెబుతున్నాను, మౌనిక గుర్తే లేదు. చివరి మాట నాది కావాలి. అంతే.

ఆదివారం మధ్యాహ్నం బస్టాండు పక్కన టెంటు వేసి నాలుగు డబ్బాలూ ఒకే బల్ల మీద కుమ్మరించారు. అందుకే ఏ చిట్టీ ఏ డబ్బాలోదో ఎవరికీ తెలీదు. నేను ముందు వరసలోనే నిలబడ్డాను. శిరీష పేరున్న కుప్ప మౌనిక కుప్ప కన్నా ఎత్తుగా లేచింది. శిరీష ఓ పక్కన బడి డ్రెస్సులోనే నిలబడి చున్నీ కొస నలుపుతూ ఉంది. అప్పుడు సంఘం పెద్దమనిషి నా కాగితం విప్పాడు. ఇదేం చిట్టీ అనుకుంటూ పక్కవాడికి చూపించాడు. ఇంకొకడు మెడ సాచి చూశాడు. దొంగ వయసు, ఏళ్ళు తగ్గించి చిన్నపిల్లలతో ఉరికింది అని ఎవరో అన్నారు. ఆ మాట టెంటు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలోపు నాలుగైదు ఫోన్లు దాన్ని ఫొటో తీశాయి. పెద్దమనిషి కాగితం చించేశాడు, ఆడపిల్ల సంగతి ఆగమాగం చేయొద్దని కసిరాడు కూడా. అప్పటికే ఆలస్యమైంది. ఆమె చిట్టీలు పక్కన పెట్టారు. షీల్డు మౌనికకు ఇచ్చారు. నేను చప్పట్లు కొట్టాను. నా చేతులే కొట్టాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఫొటోను ఎవరో హాస్టల్ ఎంపిక చేసేవాళ్ళకు పంపారు. వయసు తేలేదాకా పక్కన ఉండమన్నారు శిరీషను. ఆధార్ సరి అయి వచ్చేసరికి ఎంపికలు అయిపోయాయి. ఈలోగా ఊరు ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ కాగితాలు ఇంకెవరి దగ్గరున్నాయి? పీఈటీ సారు దగ్గర. మౌనికకు కబడ్డీ నేర్పేదెవరు? పీఈటీ సారు. ఇంకేం కావాలి?

శిరీష మాత్రం నమ్మలేదు. ఒక మధ్యాహ్నం ఒక్కతే షాపుకు వచ్చింది. ఎవరి ఫోనో అడిగి తెచ్చుకుంది, అందులో ఆ ఫొటో ఉంది. వేళ్ళతో పెద్దది చేసి నాకు చూపించింది.

"అక్కా, జర ఇది సూడు. అంచులు నల్లగున్నయ్. సారుకిచ్చిన కాయితం తెల్లగుండె గదా?"

చదువుకున్న పెద్దలెవరూ చూడనిది ఆ పిల్ల చూసింది. సారును కాపాడుకోవడానికి నా దగ్గరకు వచ్చింది. నా దగ్గరకు. మిషన్ పక్కన ట్రేలో ఇంకా అలాంటి నల్ల కాపీలు పడి ఉన్నాయి. తల తిప్పితే కనపడతాయి.

"ఫోన్ల తీస్తే గట్లనే వస్తది," అన్నాను. "నీడ పడ్తది."

"అట్లనా అక్కా?"

"అవ్. రోజూ సూస్త గదా నేను."

ఆమె ఫోను ఆర్పేసింది.

"అయితే సారే అన్నట్టు," అంది.

చూశారా, చివరి మాట ఆ రోజు ఆమెది. నేను ఒక్క మాట అంటే చాలు, సారు మిగిలేవారు. ఆ పిల్లకు పరుగు మిగిలేదేమో. డబ్బాలో కాగితం వేసింది ఒక తప్పు. అది రోషం. ఇది? దీనికి ఏం పేరు పెట్టాలి? ఎవరూ నన్ను రెచ్చగొట్టలేదు. ఎవరూ నవ్వలేదు. ఒక పిల్ల నన్ను అక్కా అని పిలిచి అడిగింది, నేను చల్లగా, నింపాదిగా అబద్ధం చెప్పాను.

తర్వాత తల్లి ఆమెను గ్రౌండుకు పంపడం మానేసింది. సారు ఒకసారి వాళ్ళ ఇంటికి పోతే తలుపు తీయలేదని విన్నాను. ఏడాది తిరక్కుండానే ఆయన బదిలీ పెట్టించుకుని వెళ్ళిపోయారు. పోయేముందు మా షాపుకు వచ్చి ఏవో కాపీలు తీయించుకున్నారు. మంచిగ చదువుకొని ఇంటర్ కట్టు బిడ్డా అన్నారు నాతో. నేను తల ఊపాను.

ఒకసారి చెప్పేద్దామని మంచాల బస్సెక్కాను. ఇల్లు దొరికింది. శిరీష లేదు. తల్లి నన్ను గుర్తుపట్టి మంచం వాల్చి కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. తన బిడ్డ బతుకు మీద మన్ను పోసినవాడి నోట్లో మన్ను పడాలని సారును తిట్టింది. నేను గ్లాసు పట్టుకుని అంతా విన్నాను. ఆ తిట్లు ఎవరికి తగలాలో నాకొక్కదానికే తెలుసు. మజ్జిగ తాగేసి వచ్చాను. అవును, తాగాను.

ఇప్పుడు శిరీష ఒక కంపెనీలో మందుల ప్యాకింగుకు పోతోంది. పొద్దున మంచాల నుంచి వచ్చి మా షాపు ఎదురుగానే కంపెనీ బస్సు కోసం నిలబడుతుంది. నన్ను చూస్తే చెయ్యి ఊపుతుంది. ఒక్కోసారి ఆమె వచ్చేసరికే బస్సు కదులుతుంది. నాలుగు అంగలు వేస్తే అందుతుంది. ఆమె ఉరకదు. రాష్ట్రంలో రెండోదిగా వచ్చిన కాళ్ళు అవి. నిలబడి, బస్సు పోవడం చూసి, ఆటో కోసం అటు తిరుగుతుంది.

ఈ ఏడు మళ్ళీ డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టారు. మళ్ళీ పంచాయితీ. నేను పెదవి విప్పడం లేదు. పెళ్ళయ్యాక నెమ్మదస్తురాలినయ్యానని అంటున్నారు. నాలుగు రోజుల కింద యాదగిరన్నే పాత సంగతి తీశాడు. పిల్లలు ఎంత ఉరికినా నేర్పేటోడు మంచోడు కావాలె, ఆ పీఈటీ సారు జేసినట్టు జేస్తే ఏం లాభం అన్నాడు.

"సారు గాదన్నా," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నా వైపు తిరిగాడు.

"మరెవరు?"

అంతలో ఎవరో పాస్‌బుక్ కాపీలు కావాలని వచ్చారు. మూత ఎత్తాను, సరిగ్గా వేశాను, బటన్ నొక్కాను. తల ఎత్తేసరికి ఆయనకు గిరాకీ దొరికి పోయాడు. ఆ ప్రశ్న మాత్రం బల్ల మీద అలాగే ఉంది. ఈ నాలుగు రోజులూ నేను ఈ కాగితాలు రాసింది దానికి జవాబు చెప్పడానికే. చెబితే శిరీష పరుగు తిరిగి రాదు. సారు ఎక్కడున్నారో నాకు తెలీదు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు, అడిగే ముఖం లేదు. కానీ ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట నా లోపల కాకుండా బయట, కాగితం మీద ఉంది.

మరెవరు అంటే, నేను.