ఆకుకూర మాకు, పొగ అమ్మకి

మా చిన్నప్పుడు... అండమాన్‌లో మా ఊరు చౌల్దారీలో సాయంత్రం వాన మొదలైతే, వంటింట్లోంచి ముందు పొగ వచ్చేది. తర్వాత అమ్మ దగ్గు. ఆ తర్వాత బచ్చలి పులుసు.

నాన్న పోర్ట్ బ్లెయిర్‌లో హాడో వైపు కర్రల మిల్లులో పనిచేసేవాడు. చొక్కా దులిపితే రంపపు పొట్టు రాలేది. అది ఆయన గుండెల్లో పేరుకుపోతుందని అమ్మ భయం. ఆకుకూర తింటే ఊపిరితిత్తులు శుభ్రపడతాయని ఎవరో చెప్పారట. అంతే... పెరడంతా తోటకూర, బచ్చలి, మునగ.

"తినండ్రా, ఊపిరి బాగా ఆడతాది" అంటూ నాకూ తమ్ముడికీ మారు వడ్డించేది. మేం చట్టి ఖాళీ చేసి లేచేవాళ్లం. అమ్మ ఏం తినేదో... నిజం చెబుతున్నాను, ఎప్పుడూ చూడలేదు.

నాన్న పోయాడు. మేమిద్దరం పిల్లల తండ్రులమయ్యాం. అమ్మ మాత్రం అదే పొయ్యి ముందు, అదే ఊదుగొట్టంతో... ఈ దీవుల్లో ఏడాదిలో సగానికి పైగా వానలే. తడికట్టె ఓ పట్టాన మండదు, పొగ చిమ్ముతుంది.

సునామీ రోజు ఉప్పునీళ్లు పెరట్లోకీ ఇంట్లోకీ వచ్చేశాయి. ప్రాణాలు దక్కాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక స్కూల్లో క్యాంపు పెట్టారు. అక్కడ పూటపూటా పప్పు, బంగాళాదుంప. నెల్లాళ్లు ఒక్క ఆకు కంటపడలేదు. ఇక అమ్మ దగ్గు ముదిరిపోతుందనుకున్నాం.

తగ్గింది!

క్యాంపుకొచ్చిన డాక్టరమ్మ అమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "అమ్మాజీ, బీడీ ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు?" అని హిందీలో అడిగింది.

అమ్మ నవ్వింది. "బీడీయా? ఈ వయసులో మొదలెట్టమంటావేటి దీదీ?"

"మరి వంట దేని మీద?"

"కట్టెలు కాక మరేటి?"

"ఆకుకూరలు తింటారా?"

"పెంచుతాను" అంది అమ్మ.

డాక్టరమ్మ మా వైపు తిరిగింది. "ఈవిడ పీల్చిందంతా పొగే. ఇక్కడ పొయ్యి లేదు కాబట్టి తేరుకుంటోంది. మళ్లీ పొగ దగ్గరికి పంపొద్దు." ఇద్దరం బుద్ధిగా తలూపాం.

ఊపి ఏం చేశాం? కొత్త ఇల్లు కట్టినప్పుడు తమ్ముడు వెనక మళ్లీ మట్టిపొయ్యే వేయించాడు. వాడు కాంట్రాక్టరు. గ్యాస్ పెట్టించలేనివాడు కాదు. "అమ్మ చేతి పులుసు గ్యాస్ మీద ఏం బాగుంటాది అన్నయ్యా?" అన్నాడు. రెండు బీరువాల పుస్తకాలు చదివిన నేను, "అదీ నిజమేరా" అన్నాను.

అమ్మ కట్టెలు సర్దుకుంది.

మూడో వానాకాలం దాటలేదు. చివరి రోజుల్లో పడుకుంటే ఊపిరాడక, గోడకి ఆనుకుని కూర్చునే ఉండేది...

మొన్న తమ్ముడు పొయ్యి ముందున్న అమ్మ ఫోటో ఈ గ్రూపులోనే పెట్టాడు. "కట్టెల పొయ్యి, అమ్మ చేతి ఆకుకూర... అందుకే ఈనాటికీ మన ఊపిరితిత్తులు ఉక్కు!" అని రాశాడు. కింద అందరూ దండాలు, హృదయాలు. ఎవరి ఊపిరితిత్తులురా ఉక్కు? ఎవరివి బూడిదయ్యాయి?

ఆకుకూరలు ఊపిరితిత్తులకి మంచివేనట. తర్వాత చాలా చదివాను, కాదనను. కానీ తిన్నవాళ్లకి!

ఇప్పుడు చౌల్దారీలో ఏ ఇంట్లో చూసినా గ్యాసే. వంట చేస్తూ ఆడవాళ్లు పాటలు పాడుకుంటున్నారు. వంటింట్లో పాడుకునేంత ఊపిరి ఉంటుందని... మా ఇంట్లో పుట్టి పెరిగిన నాకు తెలీదు.

మీ ఇంట్లో వండిపెట్టినావిడ గొంతు ఎలా ఉండేదో గుర్తుంటే కింద రాయండి. రుచుల సంగతి మాత్రం వద్దు.