నా రైలు కింద పడ్డ మనిషి

మాది ప్రొద్దుటూరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఇంటి ముందు వసారాలో పొద్దున పూట బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేసి అమ్ముతుంది. నేను పులివెందులలో హాస్టల్లో ఉండి ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. అది అయిపోయిన ఏడాది ఒక పెద్ద నగరంలో భూమి కింద నడిచే రైలుకు డ్రైవర్లు కావాలని పేపర్లో చూసి దరఖాస్తు పెట్టాను. పరీక్ష రాశాను. ఉద్యోగం వచ్చింది. ఆ నగరం పేరు, లైను పేరు ఇక్కడ రాయను. ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఇలాంటివి బయట రాయకూడదని కూడా ఒకటి ఉంది.

ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ ముందు నమ్మలేదు.

"భూమి కింద రైలేంది మే? బాయిలోకి దిగినట్టు దిగి పోతాదా?"

"పైన రోడ్లు, ఇండ్లు ఉంటాయి మా. కింద గుహ మాదిరి తవ్వినారు. దాంట్లో పట్టాలు."

"మరి గాలి?"

"ఫ్యాన్లు పెట్టినారు. శానా పెద్దవి."

అమ్మ, "అయితే పైన వాన పడతాన్నా నీకు తెలీదు" అంది. అది నిజమే.

శిక్షణలో మొదటి వారమంతా ఆ లైను ఎలా కట్టారో చెప్పారు. పాఠం చెప్పినాయన రిటైరైన ఇంజనీరు, సొరంగం తవ్విన రోజుల్లో అక్కడే ఉన్న మనిషి. తవ్వే యంత్రం రెండంతస్తుల మేడంత ఎత్తు ఉండేదట. మెత్తటి మట్టే అనుకుని దాన్ని దించితే మధ్యలో గట్టి బండ తగిలింది. యంత్రం పళ్లు అరిగిపోయేవి. మనుషులు ముందుకు పాకి వెళ్లి వాటిని మార్చేవారు. నెలల తరబడి ముందుకు కదల్లేదు. పైన వీధుల్లో బోర్లు ఎండిపోయాయని కొందరు, గోడలు బీటలిచ్చాయని కొందరు వచ్చి గొడవ పెట్టేవారు. స్తంభాల మీద పోయే భాగాన్ని ముందు తెరిచారు, చాలా ఏళ్ల తర్వాత గాని భూమి కింది భాగం తెరవలేదు. "మీరు కాఫీ తాగేంతసేపట్లో దాటిపోయే ముక్క అది. నా జుట్టు తెల్లబడింది అక్కడే" అన్నాడాయన.

నా పనిలో ఎక్కువ భాగం చూస్తూ కూర్చోవడం. వేగం, సిగ్నళ్లు యంత్రమే చూసుకుంటుంది. ముందున్న బండి మరీ దగ్గరైతే తానే ఆపుతుంది. తలుపులు తీయడం, మూయడం, ఎవరి కొంగో సంచో ఇరుక్కోలేదని చూసుకుని బయల్దేరడం నాది. అలవాటు తప్పకూడదని వారానికి ఒకరోజు మాత్రం పూర్తిగా చేత్తో నడపాలి. హ్యాండిల్ ముందుకు తోస్తే బండి కదులుతుంది, వెనక్కి లాగితే బ్రేకు పడుతుంది. నడుస్తున్నంతసేపూ దాన్ని అదిమి పట్టుకోవాలి. డ్రైవరుకు ఏదైనా అయి చెయ్యి వదిలేస్తే బండి దానంతటదే ఆగిపోతుంది. ఎదుట ఇంకో బండి ఉంటే ఆ యంత్రానికి తెలుస్తుంది. పట్టాల మీద మనిషి ఉంటే తెలియదు. అది చూడటానికే నేనున్నది.

నాలుగో ఏడాది, ఒక మంగళవారం మధ్యాహ్నం. ఆరోజు చేత్తో నడపాలి. సొరంగంలోంచి స్టేషన్లోకి వస్తున్నాను. ప్లాట్‌ఫాం మొదట్లో బూడిదరంగు చొక్కా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. నేను చూస్తుండగానే ముందుకు వాలాడు. దూకినట్టు లేదు. కూర్చుని కునికే మనిషి తల వాలినట్టు ఒళ్లంతా వాలి పట్టాల మీద పడ్డాడు. కుడి చేత్తో హ్యాండిల్ చివరిదాకా లాగాను, ఎడమ అరచేత్తో ఎర్ర బటన్ కొట్టాను. ఆ రెండూ చేశాక ఇక చేయడానికి ఏమీ లేదు. బండి ఆగేదాకా కూర్చుని ఉండటమే. ఆయన అద్దం కిందికి వచ్చి, ఆ తర్వాత కనబడలేదు. బండి ఇంకా కొంత దూరం పోయి ఆగింది.

కంట్రోల్ రూంకు చెప్పాను. వాళ్లు పట్టాలకు కరెంటు తీసేశారు. బండి ఆలస్యమవుతుందని మైకులో ప్రయాణికులకు రెండు భాషల్లో చెప్పాను. తర్వాత విచారణలో ఆ రికార్డింగ్ వినిపించారు. అందులో నా గొంతు రోజూ ఉన్నట్టే ఉంది.

ఆయన చావలేదు. పట్టాల మధ్య ఉన్న పల్లంలో పడ్డాడు, బండి పైనుంచి పోయింది. ఒక కాలు మాత్రం పట్టా మీద ఉండిపోయింది. పాదం పోయింది. ఇదంతా నాకు సూపర్‌వైజరు చెప్పాడు. ఇంకో డ్రైవరు వచ్చి నన్ను క్యాబిన్లోంచి దించి తీసుకుపోయాడు. తాగి ఉన్నానేమోనని గొట్టంలో ఊదించారు. అందరికీ చేసేదే అది. ఒక గదిలో కూర్చోబెట్టి, చక్కెర ఎక్కువ వేసిన టీ ఇచ్చారు.

"బతికాడమ్మా. నువ్వు కొట్టిన బ్రేకు వల్లే బతికాడు" అన్నాడు సూపర్‌వైజరు.

"సరే సార్" అన్నాను.

గదికి వెళ్లాక ఏడుపు వస్తుందేమోనని మంచం మీద కూర్చున్నాను. రాలేదు. లేచి బకెట్లో నానేసిన బట్టలు ఉతికి ఆరేశాను.

డాక్టరు నెల రోజులు సెలవు రాశాడు. రైలెక్కి పొద్దున్నే ఎర్రగుంట్లలో దిగాను. మేనమామ వచ్చి ఉన్నాడు. అమ్మకు తమ్ముడు, జమ్మలమడుగు డిపోలో బస్సు డ్రైవరు. నా బ్యాగు తీసుకుని "టిఫిన్ తింటావా?" అన్నాడు.

ప్రొద్దుటూరులో అందరికీ అప్పటికే తెలుసు. అమ్మ ఉగ్గాని పొట్లాలు కడుతూ వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతోంది. "బతికినాడంట. మా పాపే కాపాడింది."

"అట్లయితే సన్మానం చెయ్యల్ల కదమ్మా" అన్నాడు రోజూ వచ్చే ఒక మగ్గం పనాయన. నేను నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం, తలూపాల్సిన చోట తలూపడం నాకు బాగానే వస్తోంది. అమ్మ నాకు వేడివేడి మిరపకాయ బజ్జీ పెట్టింది. రెండు తిన్నాను. మూడోది తింటుంటే నా మొహం చూసి అడిగింది.

"కారం తగలడంల్యా నీకు?"

"తగుల్తాంది మా."

తగల్లేదు. ఉప్పు కూడా తెలియలేదు.

అమ్మ నన్ను గండికి తీసుకుపోయి ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించింది. ప్రదక్షిణలు చేశాను. లెక్క తప్పితే ఊరికే ఇంకో రెండు చుట్లు తిరిగాను. తిరిగొచ్చాక ఎక్కువగా గోడకానుకుని కూర్చునేదాన్ని. ఎవరైనా పిలిస్తే పలికేదాన్ని. అలా పది రోజులు గడిచాక మామ వచ్చి అమ్మతో, "పాపను నాతో పంపీక్కా. నా బస్సులో కూర్చుంటాది. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాది?" అన్నాడు.

జమ్మలమడుగులో మామ ఇంట్లో ఉన్నాను. ఆయన అప్పుడు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే సర్వీసు నడుపుతున్నాడు. నేను చదువుకునే రోజుల్లో ముద్దనూరులో మారి ఎక్కిన బస్సే అది. ఆయన వెనక మొదటి సీట్లో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. ముద్దనూరు దగ్గర కరెంటు ప్లాంటు బూడిద మోసే లారీలు ఎదురొచ్చేవి. పులివెందుల దగ్గరయ్యే కొద్దీ అరటి లోడు ట్రాక్టర్లు. ఎక్కినవాళ్లు "ఏం మామా, లేటు చేసినావు" అనేవాళ్లు, ఆయన "ఎక్కప్పా ఎక్కు" అనేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు. రెండు రోజులు అలా తిరిగాం.

మూడోరోజు ముద్దనూరు దాటాక ఒక మలుపులో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మామ బ్రేకు తొక్కాడు. గట్టిగా కూడా కాదు. గొర్రెలు పోయాక బస్సు కదిలింది. అద్దంలో నన్ను చూస్తూ మామ, "పాపా, చెయ్యి తీయి" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. కుడి చేత్తో ముందున్న కమ్మీని పట్టుకుని నా వైపుకు లాగుతున్నాను. వేళ్లు తెల్లగా అయిపోయాయి. ఎడమ అరచెయ్యి కిటికీ చట్రానికి ఆనించి నొక్కిపెట్టి ఉంది. తీద్దామంటే వెంటనే రాలేదు.

పులివెందుల బస్టాండులో ప్రయాణికులు దిగిపోయారు. కండక్టరు టీకి పోయాడు. మామ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి నాకిచ్చి, ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"నాకూ ఒకటి అయింది. మీ యమ్మకు తెల్సు, నీకు చెప్పిండదు. నువ్వు పలకా బలపం పట్టుకోని బడికి పోతాంటివి అప్పుడు. ఒక ముసలాయప్ప, సైకిలు. ఆ మలుపు కాడే. ఆయప్ప బతకల్యా."

నేను టీ తాగుతున్నాను.

"తప్పు నాది కాదని రాసినారు. మళ్లా డ్యూటీకి వస్తి. తింటి, పండుకుంటి, బస్సు తోలితి. ఏమీ తెలీల్యా."

"తర్వాత?"

"తర్వాత ఏంది? ఆ మలుపు కాడ హారన్ కొడతా. అంతే."

నేను, "నా బండి కింద పడినాయప్ప బతికినాడు కదా మామా" అన్నాను. అందరూ అనే మాటే అది. నా నోట రావడం మాత్రం అదే మొదటిసారి.

"బతికినాడని నీకెప్పుడు తెల్సింది?"

"బండి ఆగినాక. శానాసేపటికి."

"మరి అంతసేపూ నీ లెక్కన ఆయప్ప సచ్చిపోయినట్టే కదా. అది నువ్వు చూసినావు. తర్వాత బతికినాడంటే చూసింది చూడకుండా పోతాదా?"

ఆ మాటకు నేను భోరున ఏడ్చానని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఏడవలేదు. గ్లాసు ఖాళీ చేసి ఆయన చేతికిచ్చాను. కండక్టరు వచ్చి జమ్మలమడుగు, జమ్మలమడుగు అని కేక వేశాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం నా ఎడమ మణికట్టు నొప్పి పుడుతున్నట్టు తెలిసింది. మర్నాడు ప్రొద్దుటూరు పోయి డాక్టరుకు చూపిస్తే, "ఇది ఇప్పటిది కాదు. రెండు మూడు వారాల కిందే బెణికింది. ఇన్ని దినాలు ఎట్లా ఓర్చుకున్యావు?" అన్నాడు. ఓర్చుకోలేదు, నాకు తెలియలేదు అని చెప్పాను. కట్టు కట్టాడు. అమ్మ వారం పాటు నన్ను పిండి కూడా కలపనివ్వలేదు.

సెలవు అయిపోయాక నగరానికి వెళ్లాను. మరి కొన్ని వారాలకు విచారణ పెట్టారు. ఆయన కర్రల సాయంతో వచ్చాడు. పక్కన భార్య. చక్కెర జబ్బు ఉందట, ఆరోజు పొద్దున్నుంచి ఏమీ తినలేదట, కళ్లు తిరిగాయట. అంతే. విచారణ అయ్యాక వరండాలో నా దగ్గరికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, నా వల్ల మీ బండి ఆలస్యమైంది. మీకూ ఇబ్బంది కలిగింది. ఏమనుకోకండి" అన్నాడు ఆ నగరం భాషలో.

"పర్వాలేదండీ" అన్నాను. ఆయన భార్య నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ చేతులు వెచ్చగా ఉన్నాయని గుర్తు పెట్టుకున్నాను. వాళ్లు వెళ్లాక క్యాంటీన్‌కు పోయి పెరుగన్నం తిన్నాను.

కొంతకాలం నన్ను డిపోలో ఉంచారు. ఖాళీ బండ్లను ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మార్చే పని. తర్వాత పక్కన ఇంకో డ్రైవరును పెట్టి లైను మీదికి పంపారు, తర్వాత ఒక్కదాన్నే. ఇప్పుడు ఆ స్టేషన్లో ప్లాట్‌ఫాం అంచున ఛాతీ ఎత్తు గేట్లు వచ్చాయి. బండి ఆగాకే తెరుచుకుంటాయి. నా బండి కింద మనిషి పడ్డందుకు పెట్టారని కాదు, అంతకుముందే అనుకున్న పని, మెల్లగా ఒక్కో స్టేషనుకూ బిగిస్తూ వచ్చారు. రోజుకు చాలాసార్లు అక్కడ ఆగుతాను. తలుపులు తీస్తాను, మూస్తాను, బయల్దేరతాను.

మునుపటిలా ఉన్నానా అంటే లేను. మామకు మనవరాలు పుట్టిందని ఫోన్ వస్తే "మంచిది మామా" అన్నాను. రెండు రోజుల తర్వాత కూరగాయలు కొంటూ ఉంటే సంతోషం వేసింది. కొనడం ఆపి కాసేపు అక్కడే నిలబడ్డాను. కారం ఇప్పుడు తగులుతోంది.

ఈ మధ్య వారానికి రెండు రోజులు కొత్తవాళ్లకు నేర్పే పని నాకిచ్చారు. మొన్న ఒక అమ్మాయి, చేరి ఇంకా నెల కాలేదు, క్యాబిన్లో నా పక్కన నిలబడి అడిగింది.

"మీ బండి కింద మనిషి పడ్డాడట కదా మేడం. మీకు భయం వేయలేదా?"

"లేదు" అన్నాను.

"నిజంగానా? ఎందుకని?"

"తెలియదమ్మా."

ఆ అమ్మాయి ఇంకా ఏదో అడగబోయింది. సిగ్నల్ పడింది. హ్యాండిల్ మీద చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను, బండి కదిలింది.