మా బావ కాటాకు సీలు

మా బావకి అనుమానం పుట్టుకతో వచ్చిందో, కాటాలు బాగుచేసే పనివల్ల వచ్చిందో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేసేది ఒకటే. దుకాణాల్లో తూకం యంత్రాలు విప్పి, అవి నిజం చెప్పేలా సరిచేసి, ఇంకెవరూ వేలు పెట్టకుండా తీగ కట్టి సీసం బిళ్ళతో సీలు వేయడం. రోజంతా మోసాలు వెతికే మనిషికి ఇంట్లో కూడా అవే కనిపిస్తాయి. ఆదివారం నేను నాలుగు పళ్ళు పట్టుకెళ్తే, ఏం కావాలిరా అంటాడు. ఏమీ అక్కర్లేదంటే అనుమానం ఇంకా ముదురుతుంది. అలాంటాయనకి ఏరికోరి మా అక్కనిచ్చారు, మావాళ్ళని ఏమనాలి!

పోయిన ఏడాది ఆయన మోకాళ్ళు మొండికేశాయి. గోడౌన్లలో లారీలు తూచే కాటా కింద గొయ్యి ఉంటుంది. అందులో దిగి మోకాళ్ళ మీద కూర్చుంటేగానీ మరమ్మతు జరగదు. ఒకరోజు దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు, ఇద్దరు పట్టి పైకి లాగారు. బరువు తొంభై రెండు కిలోలు ఉందని, ఎనిమిది తగ్గితే మోకాళ్ళు మాట వింటాయని డాక్టరు చెప్పాడు. యజమాని ఏడాది గడువిచ్చాడు. అప్పటికీ గోతిలోకి దిగలేకపోతే ఇక కౌంటరు దగ్గర కూర్చుని రసీదులు రాసుకోవాల్సిందే. ఆ మాట విన్నరోజు బావ అన్నం ముట్టలేదు.

మర్నాడు నోటుబుక్కు కొని, మొదటి పేజీలో ఏడాదిలో చేయాల్సినవి రాసుకున్నాడు. పొద్దున్నే గంట నడక. టీలో చక్కెర మానేయడం. అటక మీది పాత రేడియో బాగుచేయడం. కింద నాలుగోది అక్క రాసింది, మనుషుల్ని అనుమానించడం తగ్గించాలని. చేతిరాత అక్కదేనని తెలిసినా, రాయించింది మాత్రం నేనేనని బావ తేల్చేశాడు.

మూలనపడ్డ పాత కాటా ఒకటి తెచ్చి, సరిచేసి, సీలు వేసి వరండాలో పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ఎక్కి బరువు రాసుకునేవాడు. మోకాళ్ళ జోలికి మాత్రం పోలేదు. ఏడాదంతా నేలమీద కూర్చున్నది లేదు, బూట్ల లేసులు కూడా స్టూలు మీద కాలుపెట్టి కట్టుకునేవాడు. ఓసారి వంచి చూడు బావా అంటే, మోకాలు అబద్ధమాడుతుందిరా, కాటా ఆడదు అనేవాడు. అసలు సంగతి భయం.

గడువు ముగిసింది, సోమవారం గోతిలో దిగి చూపించాలి. ముందురోజు నేను వెళ్ళేసరికి బావ కాటా మీద నిలబడి ఉన్నాడు. ముల్లు సరిగ్గా ఎనభై నాలుగు మీద ఉంది. నేను సంబరపడిపోయి అక్కని కేకేశాను. బావ మాత్రం దిగొచ్చి, నోటుబుక్కు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇరవై వారాలు ముల్లు కదల్లేదు. ఆ తర్వాత ఒక్క వారం కూడా పెరగలేదు. మీ పెద్దమ్మ ఇంట్లో వారంపాటు మంచం దిగకుండా తిన్నాను, అప్పుడూ తగ్గింది. ఇలాంటి లెక్క ఏ దుకాణంలోనైనా కనిపిస్తే నేనేం చేస్తాను?"

"కాటా విప్పుతావు" అన్నాను.

ముందు యజమానిని అనుమానించాడు. తర్వాత పక్కింటి టైలరుని, ఆ తర్వాత నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. కాటా మీద ఎండకి పడుకునే పిల్లిని కూడా వదల్లేదు. చివరికి టార్చి తెచ్చి, కాటా పక్కన చేరి సీలు పరీక్షించాడు. నేనూ తొంగిచూశాను. బిళ్ళ మీద ముద్ర బావదే. తీగ ముడి మాత్రం ఎడమవైపు తిరిగి ఉంది. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరికే ఉంది, చిన్నప్పుడు నా బూట్ల లేసులు కట్టింది ఆ చెయ్యే. బావ చూపు ముద్ర దగ్గరే ఆగిపోయింది, ముడిదాకా రాలేదు.

ఇరవై కిలోల తూకం రాళ్ళు నాలుగు తెమ్మంటే, మోసుకొచ్చేసరికి నా నడుం విరిగింది. ఖాళీ కాటా మీద ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఎనభై కిలోలు పెడితే డెబ్భై ఆరు చూపించింది. బావ మొహం మాడిపోయింది. సీలు తెంపి, లోపలి మర తడిమి చూస్తూ, రేపు నలుగురిలో నవ్వులపాలవ్వాలని ఎవరు చేశారిది అని గొణిగాడు.

"నేనే" అంది అక్క, గుమ్మంలోంచి.

ఇరవయ్యో వారం కూడా ముల్లు కదలకపోయేసరికి బావ బూట్లు అటకెక్కించి, రెండురోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడట. పెళ్ళయినప్పట్నుంచీ పక్కన కూర్చుని చూస్తున్న పనే కదా అని, ఆయన బయటికెళ్ళినప్పుడు అక్క మర కాస్త తిప్పి, పెట్టెలోని ఆయన పాత ముద్ర పటకారుతో సీలు నొక్కేసింది. ఆదివారం ముల్లు దిగింది, సోమవారం అటక మీంచి బూట్లు దిగాయి. అక్కణ్ణుంచి వారం వారం వెంట్రుకవాసి తిప్పుతూనే ఉంది.

బావ నోటుబుక్కు విసిరికొట్టాడు. నా ఇంట్లోనే దొంగకాటా పెట్టావు, ఇక నేనెవర్ని నమ్మాలన్నాడు. అక్క ఏడవలేదు, బతిమాలలేదు.

"నన్ను నమ్మొద్దు లెండి. ఇందాకట్నుంచి మీరెలా కూర్చున్నారో చూసుకోండి" అంది.

బావ కిందికి చూసుకున్నాడు. రెండు మోకాళ్ళూ నేలకి ఆనుకుని ఉన్నాయి. అప్పటికి అరగంటయింది. దేన్నీ పట్టుకోకుండా మెల్లగా లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆ తర్వాత టార్చి ఎక్కడ పెట్టానా అంటూ అటు తిరిగి వెతికాడు. అది చేతిలోనే ఉంది. కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదనుకున్నాడు పాపం.

మర సరిచేసి కాటా ఎక్కాడు. ముల్లు ఎనభై ఎనిమిది దాటి ఆగింది. నోటుబుక్కులో ఎనభై నాలుగు కొట్టేసి అదే రాశాడు. తన పనిసంచీలోంచి కొత్త పటకారు తీశాడు. ఇన్నేళ్ళలో దాన్ని నన్ను ముట్టుకోనిచ్చిన పాపాన పోలేదు. దాన్ని తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు.

"సీలు నువ్వే వెయ్యి."

అక్క ఎడమచేత్తో తీగ మెలిపెట్టి బిళ్ళ నొక్కింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని, ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూశాడు.